గొంతుతో గడిపిన ఆఖరి పగలు

పొద్దుగూకేలోగా వచ్చి చేరితే చాలని ఆసుపత్రివాళ్లు చెప్పారు. అప్పటికిగాని మంచం ఖాళీ కాదట. కత్తి పట్టేది మర్నాడు ఉదయం. తెల్లవారి రైలు దిగిన ఆ ఆలుమగలకు అలా నగరంలో ఒక పగలంతా మిగిలింది. దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. డాక్టరును ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. ఈ రోజు ఆయన మాట్లాడవచ్చునా, గొంతుకు విశ్రాంతి ఇవ్వాలా?

డాక్టరు మంచివాడు. కాగితాల మీంచి తలెత్తి, "మాట్లాడుకోండమ్మా, ఎంత కావాలంటే అంత," అన్నాడు.

వద్దని కసిరి ఉంటే ఆమెకు ధైర్యంగా ఉండేది. రేపటికి ఉండని వస్తువును పదిలంగా దాచుకోమని ఎవరూ చెప్పరు కదా.

ఆయన స్వరపేటికను గడ్డ పట్టుకుని కూర్చుంది. తీస్తే రెండూ కలిపి తీయవలసిందే. ఆ తర్వాత ఊపిరి మెడ ముందు పెట్టే చిన్న రంధ్రంలోంచి ఆడుతుంది. కొన్ని నెలలకు ఏదో పరికరంతో మాట్లాడడం నేర్పుతారట. అది మాట అవుతుందే తప్ప ఈ గొంతు కాదు. ఈ సంగతి డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపుతూ విని, బయటికి వచ్చాక, "బొమ్మలో నా మెడ మరీ సన్నగా వేశాడు," అన్నాడు.

ఆ గొంతు సామాన్యమైనది కాదు. జిల్లా కోర్టులో ఆయన బిళ్ల బంట్రోతు. పేర్లు పిలవడమే పని. లోపల గుమాస్తా పేరు చదవగానే ఆయన వరండా చివరికి వచ్చి, నడుము పట్టీ మీది ఇత్తడి బిళ్లను సర్దుకుని, ఆవరణలోకి గొంతు విసిరేవాడు. అరుపు కాదది. పొట్టలోంచి పుట్టి, ఛాతీలో నిండి, సైకిళ్ల కొట్టం దాటి, గేటు అవతలి టీ దుకాణంలో కూర్చున్నవాడి భుజం తట్టి లేపేది. మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకూ పలకకపోతే మనిషి లేనట్టే లెక్క. అతను లేకుండానే అతని ఇల్లూ పొలమూ తేలిపోతాయి. అందుకని ఆయన మూడో పిలుపును ఎప్పుడూ కాస్త ఆలస్యం చేసేవాడు. చేతిలోని గ్లాసు కింద పెట్టి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, ఒక మనిషి పరుగెత్తుకు రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. లోపల జడ్జిగారు విసుక్కున్నా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చట్టంలో లేని ఆ కాస్త వ్యవధి వల్ల ఎన్ని కొంపలు నిలబడ్డాయో చెప్పేవాళ్లు లేరు.

ఆ పిలుపులో 'గారు' ఉండేది కాదు. ఊరంత పొలం ఉన్న ఆసామికీ, పక్కింటి కోడిని చంకన పెట్టుకుపోయినవాడికీ ఒకే పిలుపు, ఒకే నిడివి. తనను మర్యాద లేకుండా పిలిచాడని ఒక పెద్దమనిషి గొడవకు దిగితే, 'గారు' లోపల జడ్జిగారి దగ్గర ఉంటుందనీ, ఆయన ఇస్తే పుచ్చుకోమనీ, తన దగ్గర పేర్లు మాత్రమే ఉన్నాయనీ చెప్పాడట. అప్పటినుంచి ఊరివాళ్లు ఆయనను పిలుపులాయన అనడం మొదలుపెట్టారు.

ఇంతమందిని పిలిచినవాడు పెళ్లాన్ని ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఆయన నోట్లో పేర్లు నిండుకునేవి. ఆమె 'ఇదిగో' అయింది. కూతురు 'బుజ్జి' అయింది. పక్కింటాయన కూడా 'ఇదిగో అండీ' అయ్యాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఉడుక్కుంటే, పేర్లు పిలవడం తన ఉద్యోగమని, ఆఫీసు పని ఇంటికి తెచ్చుకోనని నవ్వేశాడు. రచ్చ గెలిచినవాడితో ఇంట్లో వాదమేమిటని ఆమె ఊరుకుంది.

అసలు ఆమె ఆయనను కట్టుకున్నదే ఆ పిలుపు విని. ఆమెది పేము కుర్చీలు అల్లే ఇల్లు. తండ్రి కోర్టు కుర్చీలన్నిటికీ అల్లికలు మార్చేవాడు. ఒక చలికాలం తండ్రికి జ్వరం వచ్చి, జడ్జిగారి కుర్చీ బాగుచేయడానికి కూతురిని పంపాడు. నానబెట్టిన పేము చుట్టను తడిబట్టలో పెట్టుకుని ఆమె వరండాలో నిలబడింది. కుర్చీల అమ్మాయిని పిలవమని లోపలినుంచి అన్నారు. బిళ్ల బంట్రోతు కుర్రవాడు ఆమె ముందుకే వచ్చి పేరు అడిగాడు. చెప్పింది. చెప్పిన మనిషి మూరెడు దూరంలో ఉండగానే, అలవాటు చొప్పున ఆవరణవైపు తిరిగి, ఇంటిపేరుతో సహా, గొంతెత్తి పిలిచాడు. ప్లీడర్లు నవ్వారు. ఆమెకు నోరు పెగలలేదు. మళ్లీ పిలిచాడు. మూడోసారికిగాని "హాజరు" అని గొణగలేకపోయింది. తన పేరు అంత పొడుగున్నదని, అంత దూరం పోగలదని, అందులో నవ్వవలసింది ఏమీ లేదని ఆమెకు ఆనాడే తెలిసింది.

ఆ తర్వాత ఆ పేరు ఆయన నోట మళ్లీ వినలేదు. ఇప్పుడు ఈ ఒక్క పగలే ఉంది. రేపటినుంచి ఆమె పేరు పలికేవాళ్లు ఉంటారు, ఆ గొంతుతో పలికేవాడు ఉండడు. ఒక్కసారి వినాలని ఆమెకు ఉంది. నోరు విడిచి అడగడం మాత్రం ఇష్టం లేదు. అడిగి పిలిపించుకుంటే అది అప్పగించిన పాఠం అవుతుందిగాని పిలుపు అవుతుందా? పైగా గొంతు ఇప్పటికే బొంగురుపోయి, పెద్దమాట అంటే దగ్గు తెరలు కమ్ముకొస్తున్నాయి. ఆ స్థితిలో ఉన్నవాడిని ముచ్చట తీర్చమని ఏ మొహంతో అడుగుతుంది?

అడగకుండానే ఆ పగలు మొదలైంది.

ముందు పెద్ద కోర్టు చూద్దామన్నాడు ఆయన. నగరానికి వచ్చినవాళ్లు మ్యూజియమూ సరస్సూ చూస్తారుగాని కోర్టు చూస్తారా అని ఆమె దెప్పింది. ఆయన వినలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అక్కడి వరండా ఎంత పొడుగుంటుందో, అక్కడి పిలుపులవాడి గొంతు ఎలాంటిదో ఊహించుకుంటూ బతికాడట. మఫ్లరు చెవులదాకా చుట్టుకుని, మంచులో సగం మునిగిన ఆ రాతిమెట్లు ఎక్కుతుంటే ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ బిళ్ల లేదు.

వరండా నిజంగానే పొడుగుంది. పిలుపులవాడే లేడు. ప్రతి గది తలుపుమీదా ఒక నల్లటి పలక, దానిమీద ఎర్రటి అంకెలు. అంకె మారినప్పుడల్లా ఒక చిన్న కూత వచ్చేది. గోడవారన కూర్చున్నవాళ్లు చేతిలో చీటీ చూసుకుని, ఆ అంకె తమదే అయితే లేచి లోపలికి పోతున్నారు. చూపు ఆనని ముసలాయన ఒకడు పలకవంక చూస్తూ పక్కవాళ్లను అడుగుతున్నాడు, తనది వచ్చిందా అని. పక్కవాళ్లు ఫోన్లలో ఉన్నారు.

పిలుపులాయన ఆ పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగి, "ఈ కోర్టుకు నాకంటే ముందే ఆపరేషన్ అయిపోయింది," అన్నాడు.

ఆమె నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన అప్పటికే ముసలాయన దగ్గర గొంతుక్కూర్చుని, చీటీ అడిగి చూసి, ఇంకా చాలా ఉందండి, వచ్చినప్పుడు ఎవరినైనా లేపమని చెప్పి వెళతాను అంటున్నాడు. చెప్పాడు కూడా. ఎదురుగా ఉన్న కుర్ర ప్లీడరును పట్టుకుని, ముసలాయన బాధ్యత అప్పగించి, ఆ అబ్బాయి సరేననేదాకా కదలలేదు.

మెట్లు దిగుతూ ఆమె గంట సంగతి ఎత్తింది. ఇకమీదట ఇంట్లో ఆయన ఆమెను ఎలా పిలవాలి? ఆమె పెరటి గదిలో అల్లికమీద ఉంటుంది, ఆయన ముందుగదిలో ఉంటాడు. కూతురు ఫోనులో నాలుగురోజులుగా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది, మంచి గంట ఒకటి కొనుక్కోండి నాన్నా అని. రేపు తెల్లవారేసరికి ఆ పిల్ల రైల్లో దిగుతుంది, కొనలేదంటే ఊరుకోదు. ఆయన సరేనన్నాడు. గంట కొనడమే ఆ నాటి బజారు పని అయింది.

ఇత్తడి సామానుల వీధిలో ఎండ అప్పుడే గోడలమీదికి ఎక్కుతోంది. దుకాణదారుడు చేతిగంటలు, తలుపుగంటలు, బల్లమీద పెట్టుకునే గంటలు వరుసగా పరిచాడు. చేతిగంట అయితే నడుస్తూ కూడా మోగించుకోవచ్చని ఆమె అంది. తలుపుగంట అయితే కరెంటు పోతే మూగదవుతుందని దుకాణదారుడే చెప్పాడు, వ్యాపారికి ఉండకూడనంత నిజాయితీతో. తర్వాత, ఇది చూడండి అంటూ, బోర్లించిన గిన్నెలాంటి బల్లగంటను ముందుకు జరిపి, నెత్తిన వేలితో ఒక్క దెబ్బ కొట్టాడు.

టింగుమంది. పిలుపులాయన వీపు నిటారైంది. కాళ్లు వాటంతటవే కదిలి ఒక అడుగు ముందుకు పడ్డాయి. జడ్జిగారి బల్లమీద ఉండేది అలాంటిదే. మంచినీళ్లకు ఒక దెబ్బ, ఫైలుకు ఒక దెబ్బ, కిటికీ వేయడానికి ఒక దెబ్బ. రిటైరై ఇన్నేళ్లయినా కాళ్లు మరిచిపోలేదు. తన కాళ్లవంక తనే చూసుకుని, సిగ్గుపడి, ఆయన దాన్ని మెల్లగా వెనక్కి తోశాడు. ఇది తప్ప ఇంకేదైనా చూపించమన్నాడు. ఇంకేదీ నచ్చలేదు. చేతిగంట మరీ తేలికన్నాడు, మెడగంట పిల్లికి కడతారన్నాడు, ఒకదాని మోతకు పళ్లు జివ్వుమన్నాయన్నాడు. కారణం ఏదో ఆయన మింగేస్తున్నాడని ఆమెకు తెలిసిపోయింది. తవ్వలేదు.

వీధి మలుపులో ఆటవస్తువుల బండి ఉంది. అక్కడ ఆయన కళ్లు మెరిశాయి. దారానికి వేలాడే ఎర్రటి విజిల్ ఒకటి తీసి, దర్జా అంటే ఇదీ అన్నాడు. చలికి ఎర్రబడిన బుగ్గలు పూరించి ఊదాడు. వీధంతా తిరిగి చూసింది. చిన్నపిల్లవాడిలా మళ్లీ ఊదాడు. ఒకసారి ఊదితే మంచినీళ్లు, రెండుసార్లు ఊదితే టీ, ఆపకుండా ఊదితే నాకు కోపం వచ్చిందని అర్థం అని ఒప్పందం కూడా చదివేశాడు. ఆమెకు డాక్టరు గీసిన బొమ్మ గుర్తొచ్చింది. ఊపిరి రేపటినుంచి నోటిదాకా రాదు. ఊదడమంటూ ఉండదు. ఎలా చెప్పాలో తెలియక, మాట కూడదీసుకుంటూ, ఆమె బండిమీది బొమ్మలు సర్దుతున్నట్టు నటించింది.

చెప్పవలసిన పని లేకపోయింది. మూడోసారి ఊదబోతూ ఆయన ఆగాడు. మెడ ముందు, మఫ్లరు మీద, వేలు పెట్టుకున్నాడు. "ఇటు వస్తుంది కదూ గాలి," అన్నాడు. విజిల్ మూతిని మఫ్లరు కొసతో శుభ్రంగా తుడిచి, తీసినచోటే తగిలించాడు.

ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. ఉన్న ఒక్క పగటినీ ఇలా మౌనంగా పారబోసుకుంటున్నామేమని ఆమెకు తనమీదే కోపం వచ్చింది. సరస్సు దగ్గరి మైదానంలో శాలువల సంత జరుగుతోందని ఎవరో అంటే, పదండి అని తనే ముందు నడిచింది.

సంత కిటకిటలాడుతోంది. మనుషుల నోళ్లలోంచి పొగలు, వేయించిన పల్లీల బండ్లమీంచి పొగలు. ఆయన ఆమెకు ఇటికరంగు శాలువ ఒకటి ఏరాడు. అంచుకు నల్లగీత ఉంది. ఈ ఏడు ఆడవాళ్లంతా ఇదే తీసుకుంటున్నారని దుకాణదారుడు పొగిడాడు. ఆ మాట పొగడ్త కాదని, హెచ్చరిక అని ఇద్దరికీ తట్టలేదు. ఆయన దాన్ని ఆమె తలమీంచి కప్పి, దూరం జరిగి చూసి, కోర్టు కుర్చీకి కొత్త అల్లిక వేసినట్టుందన్నాడు. ఆమె అల్లే కుర్చీలను మెచ్చుకోవడానికి కూడా ఆయన ఇన్నేళ్లలో అంత పెద్ద మాట వాడలేదు.

నడుస్తుంటే ఒక పక్క కుర్చీల దుకాణం కనిపించింది. తనవాళ్లు ఎదురైనట్టు ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఒక కుర్చీని తిరగేసి అడుగుభాగం చూసింది. పేము కాదు, ప్లాస్టిక్. ముడులు లేవు, జిగురు పెట్టి మేకులు కొట్టారు. కూర్చున్నవాడి పాపం అనుకుని, వెల్లకిలా ఉన్న కుర్చీని నిలబెట్టి వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు.

అటు చూసింది, ఇటు చూసింది. ఎటు చూసినా ఇటికరంగు శాలువలే. ఆయన ఫోను ఆమె సంచిలోనే ఉంది, ఆసుపత్రి కాగితాలతోపాటు. జనం తోసుకుపోతున్నారు. వెతకడానికి కదిలితే ఇంకా దూరమవుతామేమోనని, కదలకపోతే ఆయన ఎక్కడో దగ్గుతూ కూలబడతాడేమోనని, ఆమె ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

అప్పుడు దూరంనుంచి వినిపించింది.

"ఇదిగో!"

బొంగురుగా, నలిగిపోయి ఉన్నా ఆయనదే. ఆమె చెయ్యి ఎత్తబోయేలోగా చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురైదుగురు ఒకేసారి తలలు తిప్పి, ఏమిటన్నట్టు తమ మొగుళ్లవంక చూశారు. ప్రతి ఇంట్లోనూ ఒక ఇదిగో ఉంటుంది కదా. ఆ మొగుళ్లు మేం కాదన్నట్టు చేతులు తిప్పారు. ఆమెకు నవ్వు వచ్చింది. ఆయన మళ్లీ అదే అన్నాడు, మళ్లీ అవే తలలు తిరిగాయి.

కాసేపు ఏమీ వినిపించలేదు. మైదానం నడుమ బ్యాండువాళ్ల కోసం కట్టిన దిమ్మె ఉంది. దాని మెట్లు పట్టుకుని ఒక మఫ్లరు పైకి లేస్తోంది. ఆయన దిమ్మె అంచున నిలబడ్డాడు, కాళ్లు ఎడంగా పెట్టి, చెయ్యి నడుముకు ఆనించి. మఫ్లరు విప్పి భుజాన వేసుకున్నాడు.

ఆయన పిలిచాడు. ఆమె పేరు. పుట్టింటి ఇంటిపేరుతో సహా, వరండాలో పిలిచిన నాటి పిలుపే. వెనక 'గారు' లేదు, ముందు 'ఏయ్' లేదు.

గొంతు నాటిది కాదు. మధ్యలో గరగరలున్నాయి, పీలికలున్నాయి. అయినా పొట్టలోంచే పుట్టింది, ఛాతీలోనే నిండింది, పల్లీల బండ్లమీంచి నడిచివచ్చి ఆమె భుజం తట్టింది. ఆమె పలకవలసింది. చెయ్యి ఎత్తి, ఇక్కడ ఉన్నానండీ అంటే సరిపోయేది. అనలేదు.

ఆయన దగ్గాడు. వంగి మోకాళ్లు పట్టుకున్నాడు. పాపిష్టిదానా, పలకవే అని ఆమె తనను తానే తిట్టుకుంది. అవతల ఆయనకు ఊపిరి ఆడడం లేదు, ఇక్కడ నీకు ముచ్చటా? కాని ఆమెలో ఇంకొకతె ఉంది. సగం వయసంతా పేరు లేకుండా గడిపిన మనిషి ఆమె. తనకు రావలసింది పూర్తిగా తీసుకుపోవడానికి వచ్చినట్టు ఆ మనిషి కుర్చీ వీపును బిగబట్టి పట్టుకుని, పెదవి కదపనివ్వలేదు.

రెండో పిలుపు వచ్చింది. ఈసారి జనం మాటలు ఆపి విన్నారు. ఎవరి పేరో తమ తలమీంచి పోతుంటే దారి ఇచ్చినట్టు కొందరు పక్కకు జరిగారు. ఆమె అలాగే ఉంది.

మూడోది వెంటనే రాలేదు. ఆయన నిటారుగా నిలబడి, మైదానం అంచులదాకా చూస్తున్నాడు. ఎక్కడో ఒక మనిషి చేతిలోని గ్లాసు కింద పెడుతున్నదని, చెప్పుల్లో కాళ్లు దూర్చుతున్నదని, పరుగెత్తుకు వస్తున్నదని నమ్మి, ఆమెకూ అందరికిచ్చిన వ్యవధే ఇస్తున్నాడు. ఎవరికోసమో అనుకుంటూ ఇన్నేళ్లు విన్న ఆ వ్యవధి లోపల ఎంత చోటు ఉంటుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అందులో ఆమె పెళ్లి ఉంది, పేము వాసన ఉంది, వరండాలో నవ్విన ప్లీడర్లున్నారు.

మూడోసారి పిలిచాడు. ఇంటిపేరు గొంతులోంచి వచ్చింది, పేరులో సగం వట్టి గాలిగా వచ్చింది. అక్కడ విరిగిపోయింది.

"హాజరు," అంది ఆమె.

అది పెద్దగా అన్నదేమీ కాదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెనూ దిమ్మెనూ మార్చి మార్చి చూసి, చేతులు ఊపి ఆయనకు చూపించారు. పల్లీలమ్మే ఆవిడ గరిటె ఆపి, "ఏమ్మా, పాపం ఆయన గొంతు చించుకుంటుంటే ఉలుకూ పలుకూ లేదేం?" అని మందలించింది. మూడోది రావాలి కదా అంది ఆమె. పల్లీలావిడకు అర్థం కాలేదు. ఈ కాలపు ముసలివాళ్ల వరస అనుకుని గరిటె తిప్పుకుంది.

ఆయన జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె మఫ్లరు తిరిగి చుట్టింది.

"ముందు పిలిచినవి వినబడలేదా?" అన్నాడు, గుసగుసగా. అంతకంటే రావడం లేదు.

"వినబడ్డాయి."

"మరి?"

"వింటున్నాను."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ల లెక్క ఎక్కడ తప్పిందో ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది. తల వంచుకుని ఆమె శాలువ అంచును సరిచేశాడు.

సరస్సు ఒడ్డున బల్లమీద కూర్చుని టీ తాగారు. తప్పిపోయిన వైనం ఆయన గుసగుసగానే చెప్పాడు. పక్కన నడుస్తున్న ఇటికరంగు శాలువను ఆమే అనుకుని మాట్లాడుకుంటూ పోయాడట. పెద్ద కోర్టులో పలక ఎలా ఉందో, అది పెట్టినవాడికి ఎందుకు బుద్ధి లేదో, అంతా వివరంగా చెప్పాడట. ఆవిడ మర్యాదగా ఊకొట్టి, దుకాణాలన్నీ దాటాక, బాబూ మీరెవరు అని అడిగిందట. ఆమె టీ పొలమారేలా నవ్వింది. ఆవిడ చాలా శ్రద్ధగా వింది, నీకంటే నయం అని ఆయన ముక్తాయించాడు. సరస్సుమీద పడవలు మంచులోకి పోయి, మళ్లీ మంచులోంచి వస్తున్నాయి. పొద్దు వాలుతోంది.

ఆసుపత్రికి బయల్దేరే వేళయింది. గంట కొననే లేదని ఆమె గుర్తుచేసింది. దారిలో ఏదో ఒకటి తీసుకుందాం, కూతురు అడుగుతుంది.

"వద్దు," అన్నాడు ఆయన. "గంట మోగితే లేచి పోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇన్నేళ్లు లేచాను. చేతిలో అన్నం ముద్ద ఉన్నా లేచాను. నువ్వు లేవకూడదు."

"మరి ఎలా పిలుస్తారు?"

"పిలవను. నేనే లేచి వస్తాను."

ఆమె ఆ మాటను వెంటనే నమ్మలేదు. ఇంట్లో ఆయన వాలుకుర్చీలో కూర్చుంటే, అది ఆమె అల్లిందే అయినా, ఆమెకంటే ఆ కుర్చీకే ఎక్కువ చుట్టం. 'ఇదిగో' వినిపించగానే, బిగించిన తీగను వదిలితే జారిపోతుందని పంటితో పట్టి, మేకుకు చుట్టి, తడి చేతులు తుడుచుకుంటూ ఎన్నిసార్లు పరుగెత్తిందో. తీరా పోతే ఆయనకు కావలసింది కళ్లజోడు, అది ఆయన నుదుటిమీదే ఉండేది. అదంతా ఆమె అనలేదు. వచ్చేసరికి నేను పనిలో ఉంటేనో అని మాత్రం అడిగింది. ఆ వరస అయ్యేదాకా పక్కన కూర్చుంటానన్నాడు. కూర్చోవడానికి కుర్చీలకు కొదవా అన్నాడు.

ఆసుపత్రిలో ఆయనకు ఇచ్చిన మంచం పొడుగాటి వార్డులో చివరిది. దుప్పటి పరిచి, సంచి బల్లకింద పెట్టి, ఆయనను కూర్చోబెట్టి, ఆమె సీసాలో నీళ్లు పట్టుకురావడానికి వెళ్లింది. కొళాయి వసారా కొసన ఉంది. ధార సన్నగా, బద్ధకంగా పడుతోంది. సీసా నిండడానికి చాలాసేపు పట్టేలా ఉంది. కిటికీ బయట నగరంలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

వెనక వార్డులోంచి ఒక చిన్న దగ్గు వినిపించింది. ఆమె ఒళ్లు దానంతట అదే కొళాయి కట్టేయబోయింది. ఆ దగ్గు తర్వాత వచ్చే మాట ఆమెకు తెలుసు. ఆగింది. ఆ మాట రాలేదు. మంచం కిర్రుమంది. తర్వాత గచ్చుమీద చెప్పుల చప్పుడు మొదలైంది. మెల్లగా, ఒక మంచం దగ్గర ఆగి, ఎవరికో దారి ఇచ్చి, మళ్లీ కదిలి, వసారా పొడుగునా వచ్చి, ఆమె పక్కన ఆగింది.

ఆమె తల తిప్పలేదు. ధారకింద సీసాను సరిగ్గా పట్టుకుంది.

"ఏం కావాలి?" అంది.

"ఏమీ వద్దు," అన్నాడు ఆయన. "నీ పని కానీ."

గోడవారనున్న ఇనప కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. సీసా ఇంకా సగం కూడా నిండలేదు.